దారి తెలిసిన పక్షులు

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా జరిగిన కుటుంబ సహవాస కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ మాటలు మేము భార్యాభర్తలము కలిసి వ్రాసుకొన్నవి. చదివేది ఒకరే అయినా చెప్పేది ఇద్దరము. ఈ వారములో పెద్దలు ఎందరో మన ఆలయ చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రి చరిత్ర చెప్పారు. అంత చరిత్ర చెప్పగల శక్తి మాకు లేదు. అయితే మేము రాజస్థాన్ వెళ్ళి వచ్చిన తరువాత సండే స్కూలు పిల్లలకు అక్కడి పక్షుల సంగతి చెప్పాము. వారు ఇళ్ళకు పోయి చెప్పారు. అది విని కార్యదర్శిగారు, "మాస్టారూ, టీచరమ్మగారూ, ఆ పక్షుల సంగతి పెద్దలకు కూడా చెప్పండి" అన్నారు. అందుచేత నిలబడ్డాము.

మొదట ఒక తప్పు ఒప్పుకొనవలసి ఉన్నది. మేమిద్దరమూ ముప్పయి ఏండ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పాము. కార్తీక మాసము వచ్చి కోతలు మొదలయ్యే వేళకు మన ఊళ్ళ మీదుగా బారులు తీరి పెద్ద పక్షులు పోతుంటవి గదా! పిల్లలు పుస్తకాలు వదలి కిటికీల దగ్గరకు పరుగెత్తేవారు. "అవేమి పక్షులండీ?" అని అడిగేవారు. "సైబీరియా కొంగలు. మంచుదేశము నుండి వేల మైళ్ళు ఎగిరి వచ్చినవి" అని చెప్పేవారము. మాకు మా మాస్టర్లు అలాగే చెప్పారు. మేమూ అలాగే చెప్పాము. అది తప్పు. మా దగ్గర చదువుకొన్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఆ తప్పును దిద్దుకొనుటకు ఇంతకంటె మంచి సమయము దొరకదు.

మన చింతచెట్ల మీద గూళ్ళు కట్టే పెద్ద పక్షులు చాలావరకు ఎర్రకాళ్ళ కొంగలు, ముక్కు మధ్య సందు ఉండి నత్తలను ఏరుకొని తినే కొంగలు, గూడబాతులు. ఇవి సైబీరియా నుండి వచ్చినవి కావు. మన దేశములోనే నీరు, చేపలు ఉన్న చోటు వెదకుకొంటూ ఒక ప్రాంతము నుండి మరొక ప్రాంతమునకు తిరుగుతుంటవి. నిజముగా మంచుదేశాల నుండి వచ్చే పక్షుల జాతి వేరు. పాత తెలుగులో దానిని బెగ్గురు అన్నారు, సంస్కృతములో క్రౌంచము అన్నారు. మన తెలుగు బైబిలులో యిర్మీయా గ్రంథము 8వ అధ్యాయము 7వ వచనము తీసి చూడండి. తన కాలమును ఎరిగిన పక్షులను ప్రవక్త వరుసగా చెప్పుచు సంకుబుడికొంగను ఒకటిగాను, ఓదెకొరుకును మరొకటిగాను చెప్పినాడు. ఆ ఓదెకొరుకే ఈ పక్షి. మన అనువాదకులు రెండు పేర్లు వేరువేరుగా వ్రాసి పెట్టారు. ఆ వచనము ఎన్నిసార్లో చదివిన మేము రెంటినీ కలిపి కొంగలనే అనుకొన్నాము!

తేడా కనిపెట్టుట కష్టము కాదు. చెరువు గట్టున కనబడే తెల్లకొంగ ఎగిరేటప్పుడు మెడను ముడుచుకొంటుంది. ఓదెకొరుకు మెడను ముందుకు, కాళ్ళను వెనుకకు చాచి కర్రవలె తిన్నగా ఎగురుతుంది. ఎర్రకాళ్ళ కొంగ కూడా మెడ చాచే ఎగురుతుంది గాని దానికి గొంతు లేదు, ముక్కు టకటకలాడించటమే. ఓదెకొరుకు కేక అయితే ఆకాశమంతా వినబడుతుంది. దాని గాలిగొట్టము మిక్కిలి పొడవైనది, రొమ్ము ఎముక వరకు పోయి ఉంటుంది. అందువల్లనే ఆ గొంతుకు అంత బలము. ఇక దాని వెనుకవ్రేలు పొట్టిది, పైకి ఉంటుంది. కొమ్మను పట్టుకొనలేదు. కనుక చెట్టు మీద వాలదు, నేల మీదనే గూడు పెడుతుంది. చెట్టు మీద గూడు కనబడితే అది ఓదెకొరుకు కాదని చిన్నబిడ్డలు కూడా చెప్పవచ్చును.

మా అల్లుడు ఉద్యోగరీత్యా జోధ్‌పూర్‌లో ఉన్నందున 2024 ఫిబ్రవరి నెలాఖరులో అక్కడకు వెళ్ళాము. అక్కడికి సుమారు 140 కిలోమీటర్ల దూరములో, ఫలోడీ పట్టణము ప్రక్కన ఖీచన్ అనే పల్లె ఉన్నది. "మామయ్యా, అత్తయ్యా, మీరు పిల్లలకు చెప్పే సైబీరియా కొంగలను చూపిస్తాను రండి" అన్నాడు. తీరా వెళ్ళిన తరువాత అవి సైబీరియా కొంగలు కూడా కావని తెలిసింది. ఆ ఊరివారు వాటిని కుర్జా అంటారు. ఓదెకొరుకు జాతిలో ఇది అన్నింటికంటె చిన్నది. మూడడుగుల ఎత్తు, రెండు మూడు కిలోల బరువు. బూడిదరంగు ఒళ్ళు, నల్లని మెడ, రొమ్ము మీదికి జారే నల్లని ఈకలు, కన్ను వెనుక నుండి తెల్లని కుచ్చు. మన ప్రాంతములో ఇది నేడు అరుదు. ప్రక్కనున్న కర్నాటకలో ఆల్మట్టి జలాశయపు అంచులకు వస్తుంటుంది.

తెల్లవారుజామున చలిలో బయలుదేరి సూర్యోదయమునకు ఆ పల్లె చేరాము. ఎర్రరాతి ఇళ్ళు, ఇసుక వీధులు. ఒక ఇంటి మిద్దె మీదికి పోయి నిలుచున్నాము. ఆకాశములో ఏమీ లేదు. ముందుగా శబ్దము వచ్చింది. ఎక్కడో దూరముగా బండి ఇరుసు మ్రోగినట్లు, కుర్‌ర్, కుర్‌ర్ అని. తరువాత తూర్పున ఒక సన్నని గీత కనబడింది. దాని వెనుక మరొకటి, ఇంకొకటి. చూస్తుండగా ఆ గీతలు పక్షులైనవి. మా తల మీదుగా పోతుంటే రెక్కల గాలి చప్పుడు కూడా వినబడింది. ఎంతసేపు చూచామో తెలియదు. ఆ వరుసలకు అంతము లేదు. ప్రక్కన నిలుచున్న మా మనుమరాలు లెక్క మొదలుపెట్టి మూడువందల దగ్గర మానివేసింది.

అవి రాత్రి ఊరి బయట ఇసుక బయళ్ళలో నిలుచుండి నిద్రపోయి, ఉదయమున గింజల కొరకు ఊరిలోనికి వస్తవి. వచ్చినవి వెంటనే దిగవు. చుట్టూ తిరుగుతవి. కొన్ని దిగి మెడ లెత్తి చూస్తవి. భయము లేదని తెలిసిన మీదట అన్నీ దిగుతవి. కంచె వేసిన ఒక ఆవరణ ఉన్నది. అందులో ఊరివారు ముందురోజే గింజలు చల్లి ఉంచుతారు. ఆ ఆవరణ నేల కనబడకుండా పక్షులు నిండిపోయినవి. తిన్న తరువాత చెరువుకు పోయి నీళ్ళు త్రాగి, గింజలు అరుగుటకు చిన్న చిన్న రాళ్ళు మ్రింగుతవి.

ఈ పని 1970 ప్రాంతములలో మొదలైనది. రతన్‌లాల్ మాలూ అనే ఆ ఊరి గృహస్థుడు పావురములకు జొన్నలు చల్లుతుండగా కొన్ని కుర్జాలు కూడా వచ్చి వాలినవట. మరుసటి ఏడు ఇంకొన్ని వచ్చినవి. ఇప్పుడు శీతకాలములో ఇరవై వేలకు పైగా వస్తవి. ఊరిలో జైన కుటుంబాలు ఎక్కువ. దూర నగరాలలో వ్యాపారము చేసుకొనే వారు కూడా గింజలకు డబ్బు పంపుతారు. కుక్కలు రాకుండా కంచె వేశారు. కరెంటు తీగలకు తగిలి పక్షులు చనిపోతుంటే ఆ ఊరివారు తీగలు తీయించవలెనని పోరాడారు. గాయపడిన వాటికి చికిత్స చేసే మనిషి ఆ ఊళ్ళోనే ఉన్నాడు. 2025 జూన్‌లో ఖీచన్‌ను అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. అది ఆ పల్లెవారు యాభై ఏండ్లు గింజలు చల్లిన తరువాత వచ్చిన గుర్తింపు.

ఆ పక్షులు ఎక్కడి నుండి వస్తున్నవో చెప్పాలి. మంగోలియా, కజకస్తాన్, ఉత్తర చైనా దేశాల గడ్డి మైదానాలలో అవి నేల మీద గ్రుడ్లు పెడతవి. సాధారణముగా రెండే గ్రుడ్లు. ఆగస్టు ఆఖరు వచ్చేసరికి దక్షిణమునకు కదులుతవి. మధ్యలో హిమాలయములు ఉన్నవి. నేపాలులో ధవళగిరికి, అన్నపూర్ణకు నడుమ కాళీగండకీ నది లోయ ఉన్నది. రెండు ప్రక్కల ఎనిమిది వేల మీటర్లకు మించిన శిఖరములు. ఆ లోయ వెంట అనేక గుంపులు దాటుతవి. ఎదురుగాలి ఎక్కువైతే వెనుదిరిగి దిగి, మరునాడు మళ్ళీ ప్రయత్నిస్తవి. డేగలు గుంపు నుండి ఒంటరిదానిని విడదీసి పట్టుకొంటవి. మొన్న మొన్ననే గ్రుడ్డు పగిలి బయటకు వచ్చిన పిల్ల, నాలుగైదు నెలల పసిది, తల్లి ప్రక్కన, తండ్రి ప్రక్కన ఎగురుతూ ఆ కొండలు దాటుతుంది.

ఇక్కడ ఒక సంగతి మమ్మును చాలా ఆలోచింపజేసింది. దారి దానికి ఎలా తెలుసు? పుట్టుకతోనే తెలుసునని మేము పిల్లలకు చెప్పేవారము. అనేక పక్షులకు అది నిజము. కోకిలను చూడండి. కాకి గూటిలో పెరిగినా కోకిల కోకిలగానే కూస్తుంది. ఓదెకొరుకు అలా కాదు. బయలుదేరవలెనన్న తహతహ పుట్టుకతో వస్తుంది గాని, ఎటు పోవలెనో, ఎక్కడ ఆగవలెనో, ఏ చెరువులో నీరుంటుందో పెద్దల వెంట ఎగిరి నేర్చుకొనవలసిందే. అమెరికాలో అంతరించిపోతున్న తెల్లని ఓదెకొరుకు జాతి ఒకటి ఉన్నది. మనుషులు పెంచిన పిల్లలకు దారి చూపే పెద్దలు లేరు. 2001వ సంవత్సరము నుండి చాలా ఏండ్లు, ఒక చిన్న విమానమును తల్లి పక్షివలె ముందు నడిపి, విస్కాన్సిన్ నుండి ఫ్లోరిడా వరకు వాటిని వెంట తీసుకొనిపోయారు. ఒక్కసారి పోయిన పక్షి తిరిగి తానే వచ్చేది. అనుభవము గల పెద్ద పక్షి గుంపులో ఉంటే చిన్నవి దారి తప్పుట తక్కువ అని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

ఇప్పుడు అసలైన సైబీరియా కొంగ సంగతి. మంచువలె తెల్లని ఒళ్ళు, ఎర్రని ముఖము, రెక్కల చివర నలుపు. ఎగిరినప్పుడే ఆ నలుపు కనబడుతుంది. పశ్చిమ సైబీరియా బురద నేలల నుండి ఐదువేల కిలోమీటర్లకు పైగా ఎగిరి ఆఫ్ఘనిస్తాన్ మీదుగా రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 1960లలో అక్కడ రెండువందల వరకు లెక్కించారు. దారిలో వేటగాండ్రు, యుద్ధములు, ఎండిపోయిన చెరువులు. ఏడాదికేడాది తగ్గినవి. 1992-93 శీతకాలమునకు ఐదే మిగిలినవి. 2001-02 శీతకాలములో ఒకే ఒక జంట వచ్చింది. ఆ తరువాత రాలేదు. చైనాకు పోయే తూర్పు గుంపులో కొన్ని వేల పక్షులు నేటికీ ఉన్నవి. జాతి ఉన్నది. అయినా భరత్‌పూర్ దారి తెలిసిన పక్షి ఒక్కటి కూడా లేదు. మనుషులు పెంచిన పిల్లలను తెచ్చి భరత్‌పూర్‌లో వదిలి, వేరే జాతి ఓదెకొరుకుల వెంట పోతవేమోనని చూచారు. అవి పోలేదు. ఇరాన్‌కు మాత్రము చాలా ఏండ్లు ఒకే ఒక మగపక్షి ప్రతి శీతకాలము ఒంటరిగా వచ్చి పోయేది. అక్కడివారు దానికి ఓమీద్ అని పేరు పెట్టారు. ఆశ అని అర్థము.

భరత్‌పూర్‌లో చెరువు ఉన్నది, నీరున్నది, కావలివారు ఉన్నారు. దారి చెప్పేవారు లేరు, అంతే. ఈ మాట తెలిసిన రోజు రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి.

మేము పనిచేసిన ఒక బడి ఆవరణలో పెద్ద చింతచెట్టు ఉండేది. దాని మీద ప్రతి ఏటా ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టేవి. చేపల కంపు, రెట్టలు. నిజమే, ఇబ్బందే. కొత్త గది కట్టవలెనని, ఆ చెట్టు అడ్డమని కొట్టించుటకు నిర్ణయమైనది. అది పిల్లలు గూళ్ళలో ఉన్న కాలము. రెండు నెలలు ఆగితే పిల్లలు ఎగిరిపోయేవి. ఆ మాట మా నోటి వరకు వచ్చింది. పైవారికి ఎదురు చెప్పినట్లు అవుతుందని ఊరుకొన్నాము. చెట్టు పడిన రోజు బడిపిల్లలు ఈకలు రాని కొంగపిల్లలను పలకల మీద పెట్టుకొని మా దగ్గరకు తెచ్చారు. "ఏమి చేయాలి టీచర్?" అన్నారు. ఏమి చెప్పగలము? ఒక్కటీ బ్రతకలేదు.

మరుసటి ఏడు పెద్ద కొంగలు వచ్చినవి. చెట్టు ఉన్న చోట మూడుమార్లు తిరిగినవి. సాయంకాలము వరకు బడి కప్పు మీద నిలుచున్నవి. పోయినవి. తరువాత ఆ ఊరికి రాలేదు. ఆ గది నేటికీ ఉన్నది, మంచి గదే. ఆ గదిలోనే మేము "సైబీరియా కొంగ వేల మైళ్ళు ఎగిరి వస్తుంది" అని పాఠము చెప్పాము! వాకిట్లోని పక్షి పేరు తెలియదు, దాని పిల్లలను కాపాడలేదు, దూరదేశపు పక్షిని పొగిడాము.

మన రాష్ట్రములోనే వేరుగా చేసిన ఊళ్ళు ఉన్నవి. శ్రీకాకుళము జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురము ఉన్నది. అక్కడికి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటేటా వస్తవి. అవి వస్తేనే ఊరికి మంచిదని అక్కడివారు ఎదురుచూస్తారు. రాయలసీమలో హిందూపురము ప్రాంతమున, చిలమత్తూరు దగ్గర వీరాపురము ఉన్నది. అక్కడ ఎర్రకాళ్ళ కొంగలను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలనుకొంటారు. చెట్లు వారి ఇళ్ళ మధ్యనే ఉన్నవి, కంపు వారికీ ఉన్నది. అయినా కొట్టరు. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది, అమ్మ చెప్పింది, పిల్లవాడు రాయి పట్టుకొంటే ప్రక్కవాడు చేయి పట్టుకొంటాడు. పక్షులకు దారి పెద్ద పక్షులు నేర్పినట్లే, ఆ ఊళ్ళలో పక్షులను చూచుకొనుట పెద్దలు నేర్పుచున్నారు. ఒక్క తరము నోరు మూసుకొంటే అది తెగిపోతుంది. మా తరములో మేము నోరు మూసుకొన్నాము.

ఖీచన్‌లో మూడవరోజు ఉదయము పది గంటల వేళ, ఎండ కాగిన తరువాత, ఒక గుంపు లేచింది. మామూలుగా చెరువు వైపు పోయేవి ఆ రోజు పోలేదు. వేడిగాలి పట్టుకొని గుండ్రముగా తిరుగుతూ తిరుగుతూ పైకి పోయినవి. రెక్క కొట్టకుండా, మెట్లు ఎక్కినట్లు. చుక్కలైనవి. కేకలు మాత్రము వినబడుతున్నవి. గింజల బస్తా మోస్తున్న ముసలాయన ఆగి, చేయి నుదుట అడ్డము పెట్టుకొని చూచాడు. మా అల్లుడు హిందీలో అడిగితే, "ఇవి వెళ్ళిపోతున్నవి. భాద్రపదములో పిల్లలను వెంటబెట్టుకొని వస్తవి" అన్నాడు. ఆ ప్రాంతపు జానపద గీతాలలో స్త్రీలు దూరదేశమందున్న భర్తకు కుర్జా చేత కబురు పంపుతారట. ఆ ముసలాయన కబురేమీ పంపలేదు. బస్తా భుజాన సర్దుకొని మరునాటి గింజలు చల్లుటకు లోపలికి పోయాడు. వెళ్ళిపోయిన వాటి కొరకు కాదు, ఇంకా ఉన్నవాటి కొరకు.

ప్రియులారా, మేము ఉపదేశము చేయుటకు నిలబడలేదు. ఆ పని అయ్యగార్లది. మన సంఘపు నూరేండ్లలో మన తాతలు, అమ్మమ్మలు దేనిని చేతితో పట్టుకొని నేర్పారో మనకు తెలుసు. వారిలో చదువు వచ్చినవారు కొద్దిమందే. వెంట నడిపించుకొని పోయారు, అంతే. ఇక మన చేతిలోనిది ఒక చిన్న పని. మన పాస్టరేటులలో ఎన్నో పాత ఆవరణలు ఉన్నవి. వాటిలో చింతలు, రావులు, మర్రులు ఉన్నవి. ఏ చెట్టు మీద ఏ పక్షి ఏ నెలలో గూడు పెడుతున్నదో సండే స్కూలు పిల్లల చేత వ్రాయించండి. చెట్టు కొట్టక తప్పకపోతే గూళ్ళు ఖాళీ అయ్యేవరకు ఆగండి. ఆగమని చెప్పుటకు ఎవరైనా జంకితే మమ్మును పిలవండి. ఈసారి వచ్చి చెబుతాము.

వచ్చే శీతకాలము పొలము గట్టున నిలుచున్నప్పుడు తల మీదుగా బారు పోతే, మీ బిడ్డలకు చూపించండి. మెడ చాచిందా, ముడిచిందా చూడమనండి. కేక వినబడుతున్నదా అని అడగండి. పేరు తెలియకపోతే తెలియదని చెప్పండి, తెలుసుకొని చెప్పండి. మావలె ముప్పయి ఏండ్లు తీసుకొనవద్దు.